చెక్కేసిన ముఖాలు

నేను ఒక బ్లాకును. జింకు రేకు మీద ఫొటో దించి, ఆమ్లంలో ముంచి, కొయ్య దిమ్మకు మేకులతో బిగించి తయారుచేసిన అచ్చు బ్లాకును. పత్రికలు కంప్యూటర్ల మీద తయారవడం మొదలయ్యాక మా జాతి అంతరించిపోయింది కాబట్టి నన్ను చూసినవాళ్ళు తక్కువే. అరచేతికన్నా కొంచెం పెద్దగా ఉంటాను. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప నాలో ఏముందో కనిపించదు. కనిపించినా అంతా తిరగబడి ఉంటుంది. కుడి చెయ్యి ఎడమవుతుంది, తూర్పు పడమరవుతుంది. కాగితం మీద పడితేనే నేను సరిగ్గా ఉంటాను. మనుషులు కాగితం మీద పడ్డాక తిరగబడతారని మాత్రం నాకు తర్వాత తెలిసింది.

నేను పుట్టింది విజయనగరంలో, సాయంత్రం పూట వెలువడే ఒక పత్రిక ఆఫీసు వెనక చీకటి గదిలో. ఆ పత్రిక ఇప్పుడు లేదు. పేరు చెప్పి ప్రయోజనం లేదు. అవి యుద్ధం రోజులు. ఏ యుద్ధమో కూడా చెప్పను. మీకు తెలిసిన ఏ యుద్ధమైనా అనుకోండి, నా కథలో పెద్దగా మార్పు రాదు.

నన్ను చేసినవాడు కరీముల్లా. ఆమ్లం తొట్టిని ఉయ్యాల ఊపినట్టు ఊపుతూ, రేకు మీద చుక్కలు తేలుతుంటే పాట పాడుకునే అలవాటు అతనికి. మంత్రులు, పెళ్ళికొడుకులు, సినిమా తారలు అందరూ ఆ పాటలోనే చుక్కలు చుక్కలుగా పుట్టేవారు. నేను పుడుతున్నప్పుడు సగంలో పాట ఆగిపోయింది. రేకును నీళ్ళ కింద పట్టుకుని చాలాసేపు చూశాడు. నీళ్ళు కట్టేయడం మరిచిపోయాడు.

నాలో నలుగురు మనుషులున్నారు. ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒకడు నేల మీద పడి ఉన్నాడు. నేలమీదివాడి చేతులు వెనక్కి విరిచి అతని చొక్కాతోనే కట్టారు. నిలబడ్డవాళ్ళలో మధ్యవాడి బూటు అతని ఛాతీ మీద ఉంది. బూటువాడి చేతిలో టీ తాగే తెల్ల మగ్గు ఉంది. ముగ్గురూ పెళ్ళిలో గ్రూపు ఫొటో దిగుతున్నట్టు నవ్వుతున్నారు. నేలమీదివాడు కూడా కెమెరావైపే చూస్తున్నాడు.

నిలబడ్డ ముగ్గురూ మనవాళ్ళు.

ఆ ఫిల్ము తెచ్చినవాడు జోగారావు. మిలటరీ లారీ డ్రైవరు. పాదానికి దెబ్బ తగిలి సెలవు మీద వచ్చాడు. చేతికర్ర ఆనించుకుని ఎడిటరు సోమయాజులుగారి ఎదుట కూర్చుని, అడిగినవాటికి మాత్రమే జవాబు చెప్పాడు. ఇదంతా కరీముల్లా చేతుల్లో, తడి ఆరకుండానే, నేను విన్నాను.

"ఇది ఎవరు తీశారు?" అని అడిగారు సోమయాజులుగారు.

"నానే తీసినానండి. నా కెమెరా. నవ్వండ్రా అని కూడా నానే అన్నాను."

"తర్వాత?"

"తీసినప్పటికి బతికే ఉన్నాడండి."

ఆ తర్వాత ఎడిటరుగారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచారు.

"నిద్ర పట్టట్లేదండి" అన్నాడు జోగారావు. "మీ పేపర్లో మొన్న ఆళ్ళు మనోళ్ళని సేసింది ఏసినారు గదా. ఊరంతా సూసింది. ఇదీ ఎయ్యండి. నా పేరు కూడా ఎయ్యండి కావాలంటే."

అతను చెప్పింది నిజమే. మొన్న వేసిన ఆ బ్లాకు పేజీలు కట్టే రాతిబల్ల మీద ఇంకా నా పక్కనే ఉంది. సరిహద్దు అవతలివాళ్ళు మన సైనికుల్ని హింసించిన ఫొటో. మొదటి పేజీలో, నాలుగు కాలాల వెడల్పున వేశారు. వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న ఆ రోజు ఎవరికీ రాలేదు. అదీ నేనూ పక్కపక్కన పడుకుంటే ఎవరికి ఎవరు అద్దమో తెలియనట్టు ఉన్నాం.

న్యూస్ ఎడిటరు జానకిరామ్ మాత్రం నన్ను చూడగానే వెనక్కి జరిగాడు. చెడ్డవాడు కాదు. భయం ఉన్నవాడు, ఆ భయానికి కారణాలు కూడా ఉన్నవాడు.

"ఇది ఇంట్లోకి వెళ్ళే కాగితమండీ. ఆడవాళ్ళు బియ్యం ఏరుతూ పక్కన పరుచుకుంటారు. పిల్లలు బొమ్మలు చూస్తారు" అన్నాడు.

"మొన్నటిది కూడా ఇంట్లోకే వెళ్ళిందయ్యా. బియ్యం దాని పక్కనే ఏరుకున్నారు."

"అది వేరు. అది చూసి జనానికి రోషం వచ్చింది. ఇది చూస్తే ఏమొస్తుంది? సిగ్గు. యుద్ధం జరుగుతుండగా జనానికి సిగ్గు తెప్పించడం మన పనా?"

"ఎప్పుడు తెప్పించాలంటావు? అయిపోయాకా? అయిపోయాక ఎవరు చూస్తారు?" అన్నారు సోమయాజులుగారు. కానీ గొంతులో బలం లేదు. ఆయన జానకిరామ్‌తో వాదించడం లేదని, తనతోనే వాదించుకుంటున్నారని గదిలో అందరికీ తెలుసు.

మధ్యాహ్నమయింది. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వెళ్ళే బస్సులకు పత్రిక కట్టలు అందాలి. పేజీలో నాకోసం వదిలిన చోటు ఇంకా ఖాళీగా ఉంది. మెషిన్ దగ్గర్నుంచి, "పేజీ మూసేయమంటారా సార్? ఏదో ఒకటి పెట్టండి, చీరల ప్రకటన అయినా పెట్టండి!" అని కేకలు మొదలయ్యాయి. కరీముల్లా నా మీద సిరా రోలరు నడిపి ఒక ప్రూఫు తీశాడు. మొదటిసారి నేను సరిగ్గా కనిపించింది ఆ తడి కాగితం మీదే.

సరిగ్గా అప్పుడే తవిటమ్మ వచ్చింది.

ఆమె భర్త కూడా జోగారావు ఉన్న దళంలోనే సిపాయి. ఈ ఫొటో తీసిన కొద్దిరోజులకే అవతలివాళ్ళకు పట్టుబడ్డాడు. బతికి ఉన్నాడని రేడియోలో పేరు చదివారు, అంతే. ఇద్దరిదీ ఒకే పల్లె. జోగారావు తల్లి నోరాగక చెప్పిన మాట పట్టుకుని తవిటమ్మ చేతికందిన బస్సెక్కేసింది. నేత చీర, నెత్తిన నూనె లేదు, కాళ్ళకు పొలం మట్టి. సోమయాజులుగారిని చూసి చేతులు జోడించలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బాబూ, ఏదో బొమ్మ ఏస్తన్నారంట."

"కూర్చో అమ్మా."

"కూకోడానికి రానేదు. ఆళ్ళ మనిషిని మనోళ్ళు సంపీసిన బొమ్మంట. అది ఆళ్ళు సూస్తే, అక్కడ ఆళ్ళ సేతిలో ఉన్న మా ఇంటాయన్ని బతకనిస్తారేటి?"

"మన పేపరు వాళ్ళెక్కడ చూస్తారమ్మా" అని జానకిరామ్ అనబోయాడు. అంతవరకూ ఆ ఫొటో వద్దన్నవాడే, ఆమె కళ్ళు చూసి ఏదో ఒక ఓదార్పు చెప్పాలనుకున్నాడు. సోమయాజులుగారు చెయ్యెత్తి ఆపారు.

"అబద్ధం చెప్పకయ్యా. రేపు మద్రాసు పేపర్లు ఎత్తుకుంటాయి. ఎల్లుండి ఢిల్లీ. ఆ తర్వాత రేడియో." ఆమెవైపు తిరిగారు. "చూస్తారమ్మా. నీ భయం నిజమే."

ఆమె ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. తవిటమ్మ ఏడవలేదు. "నాకోసారి సూపించండి" అంది.

గదిలోని నలుగురు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లక్షమందికి చూపించడం గురించి పొద్దున్నించి వాదించుకుంటున్నవాళ్ళకు ఒక్క మనిషికి చూపించడమెలాగో తెలియలేదు. చివరికి కరీముల్లా ప్రూఫు ఆమె చేతికిచ్చాడు.

తవిటమ్మ ముందు నేలమీదివాణ్ణి చూసింది. తర్వాత బూటు. తర్వాత ఆమె చూపు పైకి, మగ్గు మీదికి వచ్చి అక్కడే ఆగింది. వేలు తీసుకెళ్ళి మధ్యలో నిలబడ్డవాడి నవ్వు మీద పెట్టింది. సిరా ఆరలేదు, వేలికి అంటింది.

"ఎవరమ్మా?" అన్నారు సోమయాజులుగారు.

ఆమె నోరు తెరిచి మూసుకుంది. భర్త పేరు పలకకూడదని పుట్టినప్పట్నించీ విన్నది. జోగారావువైపు చూసింది. అతను చేతికర్ర కొనవైపు చూస్తున్నాడు.

"రామినాయుడండి. గొర్లె రామినాయుడు. ఆవిడ పెనిమిటి" అన్నాడు జోగారావు.

తవిటమ్మ ప్రూఫు బల్ల మీద పెట్టి అతని ఎదుటికి వచ్చింది.

"నాకెందుకు సెప్పనేదురా?" అంది తవిటమ్మ.

"ఏటని సెప్పమంటావు ఒదినా?"

ఇప్పుడు అక్కడున్నవాళ్ళందరికీ లెక్క తెలిసిపోయింది. ఇంతకుముందు రామినాయుడు వాళ్ళ చేతిలో ఉన్న ఖైదీల్లో ఒకడు. ఈ సాయంత్రం నేను అచ్చయితే, వాళ్ళ మనిషి ఛాతీ మీద బూటు పెట్టి టీ తాగిన ఖైదీ. అతని ముఖం ఒక కాగితం మీద, ఆ ముఖమే వాళ్ళ శిబిరంలో. పోల్చుకోవడానికి ఎంతసేపు?

"బొమ్మ ఎయ్యొద్దని సెప్పడానికి ఒచ్చినాను" అంది తవిటమ్మ. "ఇప్పుడలాగ సెప్పనేను. ఈ కింద పడున్నోణ్ణి సూసీసినాను. ఆడికీ ఎవుత్తో ఉంటాది. ఆయన మొగం ఒక్కటీ తీసీడం కుదరదేటి బాబూ? మొగం తీసీసి ఏసుకోండి."

సోమయాజులుగారి ముఖంలో వచ్చిన తేలిక నాకిప్పటికీ గుర్తుంది. రెండు వైపులా గోతులున్న దారిలో మధ్యన ఒక పలక వేసినట్టయింది ఆయనకు. "కుదురుతుంది. ముగ్గురి ముఖాలూ తీసేద్దాం" అన్నారు.

కరీముల్లా ఉలి తీశాడు. "కింద ఉన్నతనిది కూడానా సార్?"

"అతనిది ఉంచు. అతనికింక జరిగేదేముంది?"

ఉలి నాలో దిగింది. జింకుకు నొప్పి ఉండదని మీరనుకుంటారు, అలాగే అనుకోండి. ముగ్గురి నవ్వులు సన్నటి మెరిసే పొట్టుగా రాలి బల్ల మీద పడ్డాయి. కరీముల్లా వాటిని నోటితో ఊదలేదు, కాగితంలోకి ఎత్తాడు. చెక్కిన చోట సిరా అంటదు, కాగితం మీద తెల్లగా పడుతుంది. మూడు తెల్లటి గుండ్రాల కింద మూడు ఒళ్ళు, ఒక మగ్గు, ఒక బూటు.

శీర్షిక జానకిరామ్ రాశాడు. మొదట ఎడిటరుగారు రాసినదాంట్లో 'మన సైనికులు' అన్న మాట ఉంది. ముఖాలే లేనప్పుడు ఆ మాట ఉంటే ఆ ముగ్గురెవరని గాలింపు మొదలవుతుందని, దళం పేరు తెలిసిపోతుందని దాన్ని తీసేశారు. చివరికి మిగిలింది: 'యుద్ధరంగంలో బందీ అయిన సైనికుని దుస్థితి.' అబద్ధం ఒక్క అక్షరం లేదు. పేజీ మూశారు. బస్సులు అందాయి.

మర్నాడు జోగారావు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. కూర్చోలేదు.

"గంటస్తంభం దగ్గిరికి ఓసారి రండి బాబూ. మీరేసిన బొమ్మ అట్ట మీద అంటించి ఊరేగిస్తన్నారు."

"ఏమని?"

"శత్రువులు మనోణ్ణి ఎలాగ హింస పెడతన్నారో సూడండని."

మొన్నటి ఫొటో చూసిన కళ్ళే ఈ ఫొటోనూ చూశాయి. వాళ్ళు దుర్మార్గులు, మనవాళ్ళు బాధితులు. శీర్షికలో ఎవరో చెప్పలేదు కాబట్టి జనం తమకు తెలిసినట్టే పూరించుకున్నారు. నా చుక్కల్లో అన్ని దేశాల యూనిఫారాలూ ఒకే బూడిద రంగు. ముఖాల్లేని ముగ్గురు రాక్షసులు కాక మరెవరవుతారు? అందులోనూ నేలమీదివాడి ముఖం అందరికీ దగ్గరి ముఖంలా ఉందట. మా తమ్ముడే అన్నారట ఒకరు, మా వీధివాడే అన్నారట ఇంకొకరు.

"అక్కడితో అయిపోనేదు. ఈ చుట్టుపక్కల పట్టుబడ్డోడి పెళ్ళాం ఎవరని ఆరా తీసి, జీపేసుకెళ్ళి తవిటమ్మొదిన్ని తెచ్చినారు. మైకు దగ్గిర నిలబెట్టి మెళ్ళో దండేసి, ఈ తల్లి పసుపుకుంకాలు ఆ బూటు కింద ఉన్నాయని ఒకడు ఉపన్యాసం. జనం ఏడుపు!"

"ఆమె ఏమంది?" అన్నారు సోమయాజులుగారు.

"ఏటంటాది? మెళ్ళో దండుంటే నోరు లెగుస్తాదేటండి?" జోగారావు వెళ్ళిపోతూ తలుపు దగ్గర ఆగాడు. "అసలు ఎయ్యకపోతే ఆ సచ్చినోడు ఒక్కసారే సచ్చును."

ఆ మధ్యాహ్నం సోమయాజులుగారు ఒక సవరణ రాసి స్వయంగా కంపోజింగుకిచ్చారు. నిన్నటి ఫొటోలో నిలబడినవారు మన సైనికులేనని, పాఠకులు గమనించగలరని. అక్షరాలు కూర్చారు. పేజీలోకి ఎక్కించారు. అప్పుడు జానకిరామ్ కిటికీ తెరిచాడు. వీధిలో ఊరేగింపు వెళుతోంది. అట్ట మీద నేను. 'పగ తీర్చుకోవాలి' అని అరుపులు.

"ఇప్పుడు చెబితే ప్రెస్సు తగలబెడతారు. అది పోనివ్వండి. ఆ దండ వేసిన చేతులే ఆమెను ఏం చేస్తాయో ఆలోచించండి. ఆమె మొగుడి సంగతి మళ్ళీ మొదటికే వస్తుంది."

సవరణ విప్పేశారు. సీసపు అక్షరాలు ఎవరి అరల్లోకి అవి వెళ్ళిపోయాయి. మర్నాడవి ఏ సినిమా ప్రకటనలోనో, పెళ్ళి శుభలేఖలోనో మామూలుగానే కనబడి ఉంటాయి. అక్షరాలకు పట్టింపు లేదు. నాకు అలా విడిపోయే వీలు లేదు.

యుద్ధం ఆగింది. ఖైదీల్ని ఇచ్చిపుచ్చుకున్నారు. రామినాయుడు తిరిగి వచ్చాడు. స్టేషన్లో బ్యాండుమేళం పెట్టారు. అతను మెడ వాల్చి, ఖైదులో విరిగి ఒంగకుండా పోయిన వేలితో దండాలు పెడుతూ జీపులో కూర్చున్న ఫొటో మా పత్రికలోనే వచ్చింది. ఆ బ్లాకును అలమరలో నా మీదే పెట్టారు కాబట్టి నాకు బాగా తెలుసు. అందులో అతను నవ్వలేదు.

పంట కోతలయ్యాక తవిటమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి సోమయాజులుగారు లేచి నిలబడ్డారు.

"నేను చేసింది నీకు మేలో కీడో తెలియదమ్మా. నువ్వు ఊఁ అంటే పూర్తి బొమ్మ ఇప్పుడైనా వేస్తాను."

"చెక్కిన జింకు మళ్ళీ రాదు సార్" అన్నాడు కరీముల్లా. "ఫిల్ము జోగారావు పట్టుకెళ్ళాడు. మళ్ళీ డ్యూటీలో చేరాడు."

"ఎయ్యమనడానికి రానేదు" అంది తవిటమ్మ. "ఆ రేకు నాకిచ్చీండి."

"ఎందుకు?"

"మా ఇంట్లో ఒకలు సూడాల."

సోమయాజులుగారు నన్ను తానే అమ్ముడుపోని పత్రికల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టారు.

అప్పటినుంచి నేను తవిటమ్మ ఇంట్లో, గోడ గూట్లో ఉంటున్నాను. రామినాయుడు గడ్డం గీసుకునే అద్దం, బ్లేడు, సబ్బుపెట్టె పక్కన. మొదటి రోజు పొద్దున్న అతను అద్దం కోసం చెయ్యి పెట్టి నన్ను తాకాడు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. ముఖం లేకపోయినా మగ్గు పట్టుకున్న చెయ్యి తనదని ఎవరికి వారికి తెలుస్తుంది కదా. నన్ను బోర్లా పెట్టేశాడు. అతను పొలానికి వెళ్ళాక తవిటమ్మ నన్ను వెల్లకిలా తిప్పింది. మర్నాడు అతను బోర్లించాడు. ఆమె తిప్పింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, ఒంగని వేలికి ఆముదం రాసేది. నన్ను తిప్పడం మాత్రం మానలేదు. ఆ ఇంట్లో దీని గురించి ఒక్క మాట జరగలేదు. పగలు రాత్రి అయినట్టు, నేను రోజూ ఒకసారి మూసుకుని ఒకసారి తెరుచుకునేదాన్ని.

ఒక రోజు ఊరి పెద్ద, రామినాయుడికి పెదనాన్న వరస, చూడ్డానికి వచ్చాడు. వీరుడి ఇంటికి వచ్చానన్న సంబరం నడకలోనే ఉంది. గుమ్మం దగ్గర కూర్చుని, చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె కోసం గూట్లో తడిమి నన్ను తీశాడు.

"ఇదేటి కోడలా, ఉలితో కొట్టిన రేకు?" ఎండకు పట్టాడు. "ఓర్నాయనో! ఇది పేపర్లో ఏసిన బొమ్మ కాదేటి! ఇదిగో, కింద పడున్నోడు. ఒరే రామినాయుడూ, ఇది నువ్వే గదరా!"

రామినాయుడు గోడవైపు చూస్తున్నాడు.

"ఎంత బాద పడ్డావురా నాయనా! మరి ఈ మగ్గట్టుకుని నిలబడ్డ ఎదవెవుడు? ఆడి మొగమైనా సూపించనేదు పేపరోళ్ళు. ఎవుడ్రా ఈడు?"

"ఎవుడో" అన్నాడు రామినాయుడు.

చాటలో బియ్యం చెరుగుతున్న తవిటమ్మ చేతులు ఆగాయి.

"రామినాయుడు" అంది.

పెద్దాయనకు ముందు అర్థం కాలేదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందేమిటని తెల్లబోయి చూశాడు. "అదేటే, నీకు మతి పోనాదేటి?"

"ఆ నిలబడ్డోడి పేరు సెప్తన్నాను మావా. గొర్లె రామినాయుడు. నా పెనిమిటి. కింద ఉన్నోడు పరాయోడు. మైకు దగ్గిర సెప్పనేకపోనాను. ఇప్పుడు సెప్తన్నాను."

పెద్దాయన నన్ను వేడి పెనం ముట్టుకున్నట్టు గూట్లో పడేశాడు. ఒకసారి రామినాయుడివైపు, ఒకసారి ఆమెవైపు చూశాడు. రామినాయుడు కాదంటాడేమోనని కాసేపు ఆగాడు కూడా. రామినాయుడు కాదనలేదు. పెద్దాయన కండువా దులుపుకుని, చుట్ట వెలిగించుకోకుండానే వెళ్ళిపోయాడు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో అతని అడుగులు వచ్చినప్పటికన్నా తొందరగా వినిపించాయి. చీకటి పడేలోపు ఆ మాట ఎన్ని గుమ్మాలు తొక్కుతుందో ఇద్దరికీ తెలుసు.

"నా పేరెత్తినావు" అన్నాడు రామినాయుడు.

"ఎత్తినాను."

అతను లేచి గూటి దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాడు. బోర్లిస్తాడనుకున్నాను. ఒంగని వేలితో నా మీద చెక్కిన గుంటను తడిమాడు. తర్వాత వేలు కిందికి జరిగింది. నేలమీదివాడి ముఖం మీదికి. అక్కడ జింకు చెక్కుచెదరలేదు. చుక్కలన్నీ ఉన్నాయి.

"ఆయన పేరేటి?" అని అడిగింది వెనకనుంచి తవిటమ్మ.

అతను ఆ ముఖం మీదినుంచి వేలు తీయలేదు.

"అడగనేదు" అన్నాడు.

ఆ తర్వాత నన్ను ఎవరూ బోర్లించలేదు. పొద్దున్నే అతను నా పక్కనున్న అద్దం తీసుకుంటాడు, గడ్డం గీసుకుంటాడు, మళ్ళీ అక్కడే పెడతాడు. ఊళ్ళో ఇప్పుడు అతన్ని పండగలకు పిలవరు. కొందరు అతనితో మాట్లాడరు, ఎక్కువమంది తవిటమ్మతో మాట్లాడరు. నా జింకు మసకబారింది, కొయ్య దిమ్మకు చెద పట్టడం మొదలైంది. పత్రిక నన్ను వెయ్యవలసిందా, వెయ్యకూడదా, ముఖాలతో వెయ్యవలసిందా అని గూట్లో పడుకుని నేనూ ఆలోచిస్తాను. నేను చూసినంతలో, నన్ను సగం చూపించినప్పుడే జనం నన్ను పూర్తిగా నమ్మారు.

నాలో నలుగురు మనుషులున్నారు. ముఖం మిగిలింది ఒక్కడికే. పేరు తెలియనిది అతనిదే. ఇంకా కెమెరావైపే చూస్తున్నాడు.